నల్ల ఉడత ఎవరి బిడ్డ?

టొరంటోలో ఉంటున్న తెలుగువాళ్ళకి నల్ల ఉడతలు కొత్త కాదు. పార్కుల్లో, ఇళ్ళ పెరళ్ళలో, కంచెల మీద అవి నిగనిగలాడే నలుపుతో పరుగులు తీస్తుంటాయి. అదే చెట్టు మీద బూడిదరంగు ఉడతలూ ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి, జత కడతాయి, ఒకే గూట్లో చలి కాచుకుంటాయి. ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు మాత్రం వాటిని రెండు జాతులుగానే లెక్కేస్తారు. ఒకటి నల్ల ఉడత, ఇంకోటి బూడిద ఉడత. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. రంగు ఇంత వేరుగా ఉన్నప్పుడు జాతి ఒకటేనని కంటికి ఎలా తడుతుంది?

కానీ జాతి ఒకటే. శాస్త్రనామం సైయూరస్ కరోలినెన్సిస్, మన మాటల్లో తూర్పు బూడిద ఉడత. ఒక తల్లి ఒకే ఈతలో బూడిదరంగు పిల్లనీ, నల్లపిల్లనీ, రెంటికీ నడుమ ముదురు గోధుమరంగు పిల్లనీ పెట్టగలదు. ఆ మూడూ తోడబుట్టినవే.

ఇదెలా జరుగుతుందో తెలియాలంటే ఒక్క వెంట్రుకను పట్టుకుని చూడాలి. బూడిద ఉడత ఒంటి మీద బూడిదరంగు వెంట్రుక అంటూ నిజానికి దాదాపు ఉండదు. ఒక వెంట్రుకను పీకి భూతద్దం కింద పెడితే మొదట్లో ముదురు రంగు, ఆ పైన పసుపు గోధుమ పట్టీ, మళ్ళీ నలుపు, కొసన తెలుపు కనిపిస్తాయి. పోచంపల్లి ఇక్కత్ నేతలో నూలుపోగుకు ముందే పట్టీలు పట్టీలుగా రంగు అద్ది, తర్వాత మగ్గం మీదకు ఎక్కిస్తారు. చీర మీద కనిపించే రంగూ రూపూ ఆ పోగుల్లోని పట్టీలు పక్కపక్కన చేరడం వల్ల వచ్చినవే. ఉడత బొచ్చు కూడా అలాగే తయారవుతుంది. వేల వెంట్రుకల పట్టీలు కలిసి దూరం నుంచి మనకు బూడిదరంగుగా కనిపిస్తాయి.

ఆ పట్టీలను వేసేది వెంట్రుక కుదురులో ఉండే రంగు కణాలు. వాటి దగ్గర రెండే సరుకులున్నాయి. నలుపు, ముదురు గోధుమ ఇచ్చే యూమెలనిన్ ఒకటి, పసుపు, ఎరుపు ఇచ్చే ఫియోమెలనిన్ ఇంకొకటి. ఏది ఎప్పుడు తయారవ్వాలో నిర్ణయించడానికి కణం మీద ఎంసీ1ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. అది పనిచేస్తున్నంతసేపూ నల్ల సరుకు తయారవుతుంది. వెంట్రుక పెరుగుతుండగా మధ్యలో అగూటి అనే ప్రోటీన్ వచ్చి ఆ గ్రాహకాన్ని కాసేపు ఆపుతుంది. ఆ కాసేపట్లో పెరిగిన ముక్కకి పసుపు అబ్బుతుంది. అగూటి తప్పుకుంటే మళ్ళీ నలుపు. మనుషుల్లో ఈ గ్రాహకం బలహీనపడితేనే ఎర్రజుట్టు వస్తుంది. ఐర్లండ్ మనిషి జుట్టుకీ టొరంటో ఉడత నలుపుకీ వెనకాల ఒకటే జన్యువు ఉందన్నది నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

నల్ల ఉడతల్లో జరిగింది దీనికి తలకిందులు. బ్రిటన్‌కి చెందిన హెలెన్ మెక్‌రోబీ, ఆమె సహ పరిశోధకులు 2009లో దాన్ని పట్టుకున్నారు. ఎంసీ1ఆర్ జన్యువులో 24 డీఎన్ఏ అక్షరాలు ఒక్కసారిగా లేకుండా పోయాయి. 24 అక్షరాలంటే ప్రోటీన్‌లో 8 అమైనో ఆమ్లాలు. ఆ చిన్న ముక్క ఊడిపోయాక గ్రాహకం ఆగడం మరిచిపోయింది. అగూటి వచ్చినా అది పసుపు పట్టీకి చోటివ్వదు. వెంట్రుక మొదలు నుంచి కొస దాకా నల్లగానే పెరుగుతుంది. ఈ మారిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే పిల్ల కారునలుపు. ఒక్కటే వస్తే వీపు నలుపు, పొట్ట గోధుమ కలిసిన మధ్యరకం. ఒక్కటీ రాకపోతే మామూలు బూడిదరంగు. మధ్యరకం ఆడా మగా జత కడితే ఆ ఈతలో మూడు రంగులూ రావచ్చు.

2019లో అదే బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇదే 24 అక్షరాల లోపం పక్క జాతి అయిన నక్క ఉడతలో కూడా ఉంది. జన్యువు చుట్టుపక్కల భాగాలను పోల్చి చూస్తే అది అక్కడే పుట్టి, ఎప్పుడో రెండు జాతుల మధ్య జరిగిన అరుదైన కలయికలో బూడిద ఉడతల్లోకి వచ్చి ఉంటుందని తేలింది. అంటే టొరంటో ఉడతల నలుపు అరువు తెచ్చుకున్న నలుపు.

ఆ అరువు సొమ్ము చల్లని ప్రాంతాల్లో బాగా చెల్లింది. నల్ల ఉడతలు ఉత్తరాన, కెనడాలోనూ మహా సరస్సుల చుట్టూ ఎక్కువ. దక్షిణానికి పోయేకొద్దీ అరుదవుతాయి. కెనడా పరిశోధకులు 1989లో రెండు రంగుల ఉడతల్నీ చలిలో పెట్టి కొలిచారు. మైనస్ 10 డిగ్రీల కన్నా కింద నల్లవాటి ఒంటి నుంచి వేడి పోవడం 18 శాతం తక్కువ. నగరాల్లో మరో కారణం కూడా కనిపిస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ ప్రాంతంలో చేసిన పరిశీలనల్లో నల్ల ఉడతలు ఊరి నడుమ ఎక్కువగా, చుట్టూ ఉన్న అడవుల్లో తక్కువగా కనిపించాయి. రోడ్ల మీద బండ్ల కింద పడి చచ్చినవాటిలో నల్లవాటి వాటా వాటి సంఖ్యకు తగినంత లేదు. తారురోడ్డు మీద బూడిదరంగు ఉడత కలిసిపోతుంది, నల్లది డ్రైవర్ కంటికి ముందే ఆనుతుంది.

మనుషులు మోసుకెళ్ళడం కూడా ఈ కథలో భాగమే. 1902, 1906 సంవత్సరాల్లో ఒంటారియో నుంచి 18 నల్ల ఉడతల్ని తెచ్చి వాషింగ్టన్ నేషనల్ జూ ఆవరణలో వదిలారు. ఇవాళ ఆ నగరంలోనూ మేరీలాండ్, వర్జీనియా శివార్లలోనూ నల్ల ఉడత కనిపిస్తే దాని వంశం చాలావరకు అక్కడికే చేరుతుంది. ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1961లో పది నల్ల ఉడతల్ని వదిలారు. ఇప్పుడవి ఆ ఊరికే గుర్తు. ఇంగ్లండ్‌లో లెచ్‌వర్త్ దగ్గర 1912లో నల్ల ఉడత కనిపించింది. అక్కడి నల్ల ఉడతల్లోనూ అదే 24 అక్షరాల లోపం ఉంది కాబట్టి వాటి పుట్టిల్లు కూడా ఉత్తర అమెరికాయే.

ఇప్పుడు గుర్తింపు సంగతికి వద్దాం. పైన చెప్పిన నక్క ఉడత బూడిద ఉడతకన్నా పెద్దది. డాలస్‌లోనో చికాగోలోనో ఉంటున్న బంధువులు పంపే ఫోటోల్లో పొట్ట నారింజరంగులో ఉన్న బొద్దు ఉడత కనిపిస్తే అది సాధారణంగా ఇదే. లిన్నేయస్ 1758లో దానికి సైయూరస్ నైగర్ అని పేరు పెట్టాడు. నైగర్ అంటే నలుపు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో ఈ జాతి నల్లగా, ముక్కూ చెవులూ తెల్లగా ఉంటుంది. ఆయనకు తెలిసింది ఆ రకమే. తూర్పు తీరంలో డెల్‌మార్వా ద్వీపకల్పంలో ఇదే జాతి వెండిరంగులో ఉంటుంది, పడమట నారింజరంగులో ఉంటుంది. ఒకే ఒక్క జాతికి మూడు వేషాలు. అందులో ఒక్క వేషం పేరే జాతి మొత్తానికీ స్థిరపడిపోయింది.

మామూలు రంగుల్లో ఉంటే బూడిద ఉడతనీ నక్క ఉడతనీ విడదీయడం తేలికే. బూడిద ఉడత తోక అంచు తెల్లగా, పొట్ట తెల్లగా ఉంటాయి. నక్క ఉడత తోక అంచు, పొట్ట నారింజరంగు. రెండూ కారునల్లగా ఉన్నప్పుడే చిక్కు. అప్పుడు బొచ్చును వదిలేసి పుర్రె దాకా వెళ్ళాలి. బూడిద ఉడత పై దవడలో ఇరువైపులా మేకు మొన లాంటి చిన్న పన్ను ఒకటి అదనంగా ఉంటుంది. దానికి మొత్తం 22 పళ్ళు. నక్క ఉడతకి ఆ పన్ను లేదు, దానికి 20. ఎముకల్ని అతినీలలోహిత దీపం కింద పెడితే ఇంకా విచిత్రం. నక్క ఉడత ఎముకలు, పళ్ళు గులాబీ ఎరుపులో వెలుగుతాయి. రక్తంలోని హీమ్‌ను తయారుచేసే దారిలో ఒక ఎంజైము దానికి బలహీనం. మిగిలిపోయిన పోర్ఫిరిన్ ఎముకల్లోకి చేరుతుంది. మనుషులకి ఇదే లోపం ఉంటే ఎండ తగిలితే చర్మం పుండ్లు పడే భయంకరమైన జబ్బు. నక్క ఉడతకి మాత్రం అది ఏ హానీ చేయదు. మ్యూజియంలో రెండు పుర్రెలు కలిసిపోతే ఆ దీపం ఒక్క నిమిషంలో తీర్పు చెబుతుంది.

యూరప్‌లో కథ వేరు. అక్కడి ఎర్ర ఉడత, సైయూరస్ వల్గారిస్, బ్రిటన్ నుంచి జపాన్‌లోని హొక్కైడో దాకా ఉంది. పేరుకే ఎరుపు. ఒకే అడవిలో ఇటుకరంగువీ, గోధుమవీ, దాదాపు నల్లవీ తిరుగుతుంటాయి. ఏ రంగులో ఉన్నా పొట్ట మాత్రం తెలుపే. ఇంగ్లండ్‌లో అమెరికా బూడిద ఉడతని 1876 నుంచి ఎస్టేట్లలో వదులుతూ వచ్చారు. వేసవిలో దాని వీపు మీద, పక్కల్లో ఎర్రజీర వస్తుంది. దాన్ని చూసి ఎర్ర ఉడత కనిపించిందని సంబరపడేవాళ్ళు చాలామంది. చెవి మీద కుచ్చు ఉందా అని చూడమంటారు, కానీ ఎర్ర ఉడతకి కూడా వేసవిలో ఆ కుచ్చు రాలిపోతుంది. ఒంటి బొచ్చు ఏడాదికి రెండుసార్లు మారితే, తోక బొచ్చు, చెవి కుచ్చు ఒక్కసారే మారతాయి. కాబట్టి ఏ నెలలో చూశామన్నది రాసుకోకుండా రంగు ఒక్కటే రాసుకుంటే ఆ రాతకి విలువ సగమే.

ఇంతవరకూ చదివినవాళ్ళకి రంగును అసలు నమ్మకూడదు అనిపించవచ్చు. అది కూడా సరికాదు. ఇటలీ దక్షిణ కొసన ఉన్న కలాబ్రియా కొండల్లో ఉడతలన్నీ నల్లగా, పొట్ట తెల్లగా ఉంటాయి. ఎర్రది ఒక్కటి కూడా లేదు. 1907లో లూచిఫెరో దాన్ని ఒక ఉపజాతిగా వర్ణించాడు. ఎర్ర ఉడతల్లో నల్లవి మామూలే కదా అని తర్వాత చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరకు జన్యువుల్ని, పుర్రె కొలతల్ని కూడా కలిపి చూస్తే మిగతా యూరప్ ఉడతల నుంచి అది స్పష్టంగా విడిపోయింది. 2017లో దానికి సైయూరస్ మెరీడియోనాలిస్ అనే సొంత జాతి హోదా దక్కింది. ఇక్కడ రంగు మొదటి నుంచీ నిజమే చెబుతూ వచ్చింది. దానికి తోడు ఇంకో సాక్షి లేకపోవడం వల్ల ఆ మాట చెల్లలేదు, అంతే. థాయిలాండ్‌లోని ఫిన్లేసన్ ఉడతది దీనికి పూర్తిగా ఎదురు. సీచాంగ్ దీవిలో అది తెల్లగా ఉంటుంది, ప్రధాన భూభాగంలో ఒకచోట ఎర్రగా, ఇంకోచోట నల్లగా ఉంటుంది. అన్నీ కలిపి ఇప్పటికీ ఒక్క జాతే.

ఇక మన పెరటి ఉడత. రంగనాథ రామాయణంలో వారధికి ఇసుక మోసిన ఉడతని రాముడు నిమిరిన కథ తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఉడతాభక్తి అన్న మాట దాన్నుంచే నిలిచింది. మూడు వేళ్ళు, మూడు చారలు. దక్షిణాది ఉడతకి ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఫునాంబులస్ పాల్మారమ్ వీపు మీద మూడే తెల్లచారలు. ఉత్తరాదిలో, దక్కన్‌లోని చాలా పొడి నేలల్లో ఉండే ఫునాంబులస్ పెనాంటికి ఐదు. చాలాకాలం పాటు ఈ రెంటినీ ఒకే జాతిగా చూశారు. అటవీ అధికారి రాటన్ 1905లో ఐదు చారలదాన్ని విడదీసి పేరు పెట్టాడు. రోజూ కళ్ళముందు తిరిగే జంతువు విషయంలో ఇంత ఆలస్యం ఎందుకయిందంటే ఆ అదనపు రెండు చారలు అంత తేటగా ఉండవు. పక్కల్లో, కాళ్ళకు దగ్గరగా, సన్నగా మసకగా ఉంటాయి. ఉడత గోడ మీద మనకి వీపు చూపిస్తూ కూర్చుంటే మూడే కనిపిస్తాయి. పక్కకి తిరిగి, వెలుగు అడ్డంగా పడినప్పుడే మిగతావి తెలుస్తాయి. పై నుంచి తీసిన ఒక్క ఫోటోతో తీర్పు చెప్పకూడదు.

పైగా మూడు చారలున్నదల్లా పాల్మారమ్ కాదు. పడమటి కనుమల తడి అడవుల్లో ఫునాంబులస్ ట్రిస్ట్రియాటస్ ఉంది, దానికీ మూడే. కనుక చారల లెక్కతోపాటు చోటు కూడా చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో మూడు చారలదీ ఐదు చారలదీ రెండూ ఉన్నాయి. తమ ఊళ్ళో ఉన్నది ఏదో ఒక్క ఉదయం కాస్త ఓపిగ్గా చూసి తేల్చుకోవచ్చు. బళ్ళో పిల్లలకి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తోచదు. ఖర్చు లేదు, జంతువుకి ఇబ్బంది లేదు, జవాబు పుస్తకంలో ఉండదు.

రంగుల విషయంలో మన దేశంలో అసలు సిరి బెట్టుడతది. శాస్త్రనామం రాటుఫా ఇండికా. ఎర్క్స్‌లెబెన్ 1777లో పేరు పెట్టాడు. తోక కాకుండా అడుగుకు పైనే పొడవు, తోక దాదాపు రెండడుగులు, బరువు రెండు కిలోల దాకా. కొమ్మ నుంచి కొమ్మకి ఇరవై అడుగుల దూరం కూడా దూకుతుంది. మహారాష్ట్రలో దాన్ని శేక్రూ అంటారు, అది ఆ రాష్ట్ర జంతువు. మనకి శేషాచలంలో, నల్లమలలో, మారేడుమిల్లి, పాపికొండల అడవుల్లో కనిపిస్తుంది. చిక్కటి మెరూన్, నలుపు, మీగడ తెలుపు, లేత గోధుమ, ఈ నాలుగూ ఒకే ఒంటి మీద ఎలా సర్దుకుంటాయన్నది చోటుని బట్టి మారుతుంది. కేరళ తడి అడవుల్లోని మాక్సిమా అనే రకంలో భుజాలు, పిరుదులు, తోక నల్లగా ఉంటాయి. మహారాష్ట్రలోని భీమశంకర్ వైపు నలుపు లేకుండా అంతా ఎర్రగోధుమలో ఉంటుంది. గుజరాత్‌లోని డాంగ్స్ పొడి అడవుల నుంచి 1897లో బ్లాన్‌ఫర్డ్ వర్ణించిన డీల్బాటా అన్నిటికన్నా వెలిసిన రంగుది. అది అంతరించిపోయి ఉంటుందని నిపుణుల అభిప్రాయం. ఒక రంగే పోయిందనుకోవడానికి లేదు. ఆ రంగుతోపాటు ఆ అడవికి ఒదిగిన ఒక వంశం పోయినట్టే. ఈ అధ్యాయంలో నేను బాధగా రాసిన వాక్యం ఇదే.

ఈ రకాలను ఎన్నిగా విడదీయాలన్నది ఇంకా వాదులాటే. హుమాయూన్ అబ్దులాలీ, జె.సి. డేనియల్ 1952లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వీటి మీద వివరంగా రాశారు. నాలుగైదు నుంచి ఎనిమిది దాకా ఉపజాతులు లెక్కపెట్టినవాళ్ళున్నారు. చిక్కు ఎక్కడంటే ఈ వర్ణనలకు ఆధారం ఎక్కువగా మ్యూజియం తోళ్ళే. తోలు ఏళ్ళు గడిచేకొద్దీ వెలుస్తుంది, బతికున్న ఉడత కూడా బొచ్చు మారబోయే ముందు ఎండకి వెలిసిపోతుంది. ఒకే ఉపజాతి రెండు కాలాల్లో రెండుగా నమోదయ్యే ప్రమాదం ఉంది. అయినా మొత్తం మీద ఒక వరస కనిపిస్తుంది. వానలు ఎక్కువైన దక్షిణ కనుమల్లో ముదురు రంగు, పొడిగా ఉన్న ఉత్తరాన లేత రంగు. 1833లో గ్లోగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పక్షుల్లో గమనించిన సూత్రం ఇదే. తేమ ఉన్నచోట ముదురు, ఎండినచోట లేత. నలుపూ మెరూనూ ముక్కలు ముక్కలుగా ఉండటానికి ఇంకో ప్రయోజనం చెబుతారు. ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా పడేచోట ఆ ముక్కలు జంతువు రూపురేఖను విరిచేస్తాయి. పైన తిరిగే డేగకి అక్కడ ఉన్నది ఒక్క ఒళ్ళు అని తట్టదు.

మన దేశంలో రాటుఫాలు ఇంకో రెండున్నాయి. ఈశాన్యంలోని రాటుఫా బైకలర్ వీపు నలుపు, పొట్ట లేత పసుపు. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. తమిళనాడులో శ్రీవిల్లిపుత్తూరు దగ్గరా కావేరి ఒడ్డున చెట్లలోనూ ఉండే రాటుఫా మాక్రోరా వెంట్రుకల కొసలు తెల్లగా ఉండి, ఒళ్ళంతా నెరిసినట్టు కనిపిస్తుంది. శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో బెట్టుడత కూడా ఉంది కనుక అక్కడ మాత్రం జాగ్రత్తగా చూడాలి. మెరూన్ ఛాయ ఉందా, తోక నెరిసి ఉందా అన్నవి రెండూ చూసుకుంటే పొరపాటు పడరు.

తూర్పు కనుమల్లో బెట్టుడతను చూసి రాసిపెట్టుకోవాలనుకునేవాళ్ళకి ఒక మాట. అది గొంతు గరగరలాడిస్తూ అరిస్తే తల ఎత్తి చూస్తాం. చెట్టు కింద నిలబడినవాళ్ళకి కనిపించేది పొట్ట, వేలాడే తోక అడుగు భాగం మాత్రమే. పొట్ట దాదాపు అన్ని రకాల్లోనూ లేత రంగు వైపే మొగ్గుతుంది, వెనక ఆకాశం వెలుగు ఉంటే అది కూడా నల్లగానే కనిపిస్తుంది. ఉపజాతి సంగతి తేలేది భుజాలు, పిరుదులు, తోక పైభాగం, తోక కొస, ఈ నాలుగు చోట్ల. అవి కనిపించాలంటే ఘాట్ రోడ్డు మలుపులో, కింది లోయలోని చెట్ల తలలు మన కళ్ళ ఎత్తుకి వచ్చేచోట, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడాలి.